మిల్లు వాడ జ్ఞాపకం కూత దగ్గర మొదలవ్వాలి

సంపాదకుల వారికి,

ఆదివారం సంచికల్లోనూ స్థానిక పేజీల్లోనూ పాత కార్మిక వాడల మీద జ్ఞాపకాలు ఈమధ్య తరచుగా వస్తున్నాయి. వరంగల్ ఆజంజాహీ మిల్లు చుట్టుపక్కల గురించి రాసినా, హైదరాబాద్‌లో డీబీఆర్ మిల్లు పరిసరాల గురించి రాసినా మాటలు మాత్రం అవే ఉంటున్నాయి. తలుపులు వేసుకునేవాళ్లం కాదు, ఒకరింటి కూర ఇంకొకరింట్లో తినేవాళ్లం, అంతా ఒకే కుటుంబంలా ఉండేవాళ్లం అని. అబద్ధమని అనం. కానీ తలుపు ఎందుకు తీసి ఉండేదో చెప్పకుండా వదిలేస్తే, చదివే పిల్లలకు అప్పటి మనుషులు మంచివాళ్లు, ఇప్పటివాళ్లు చెడ్డవాళ్లు అన్న ముక్క ఒక్కటే మిగులుతుంది. ఒంటిగది ఇంట్లో పొయ్యి పొగ పోవడానికి ఆ తలుపు తప్ప వేరే దారి లేదు. అర్ధరాత్రి ఒకరు షిఫ్టు దిగి వస్తుంటే ఒకరు ఎక్కడానికి పోయేవారు. గొళ్లెం పెట్టి ఎవరి కోసం లేచి తీస్తారు? వాడలోని ఆత్మీయతకు ఇలాంటి కారణాలు చాలా ఉన్నాయి. అవి రాసిపెట్టాల్సినవనే ఈ ఉత్తరం.

ముందు తేదీలు సరిచూసుకుందాం, ఎందుకంటే వ్యాసాల్లో అవి కలగాపులగంగా వస్తున్నాయి. డీబీఆర్ అంటే దివాన్ బహదూర్ రామ్‌గోపాల్ మిల్లు, 1920 నాటిది. ఆజంజాహీ మిల్లు 1934లో మొదలైంది. ఏడో నిజాం పెద్ద కొడుకు ఆజం జా పేరు దానికి పెట్టారు. దేశంలో 103 ఖాయిలా మిల్లులను జాతీయం చేసిన 1974 నాటి చట్టంతో అది జాతీయ జౌళి సంస్థ కిందికి వచ్చింది. 2002లో మూతపడింది. మిల్లు స్థలం ప్లాట్లుగా మారింది. కాబట్టి 1960ల జ్ఞాపకం వేరు, 1980ల జ్ఞాపకం వేరు. మొదటి దాంట్లో జాతీయం కాకముందటి యాజమాన్యం, రెండో దాంట్లో సర్కారు సంస్థ. రెండింటినీ కలిపి ‘ఆ రోజుల్లో’ అని రాస్తే ఏ రోజులో తెలియదు.

ఇక కూత, అంటే మిల్లు సైరన్. వాడకు గడియారం అదే. బట్టల మిల్లుల్లో ఎక్కువగా నడిచిన లెక్క ఇది: పొద్దున 7 నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా మొదటి షిఫ్టు, మూడున్నర నుంచి రాత్రి 12 దాకా రెండోది, 12 నుంచి తెల్లవారి 7 దాకా మూడోది. మొదటి రెండూ ఎనిమిదిన్నర గంటల చొప్పున, అందులో అరగంట అన్నం విరామం. వారానికి 48 గంటలకు మించి పనిచేయించరాదనీ, ఏకబిగిన 5 గంటలు దాటితే కనీసం అరగంట విరామం ఇవ్వాలనీ 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. రోజుకు 8 గంటల చొప్పున ఆరు రోజులంటే సరిగ్గా ఆ 48. మూడున్నర అనే ఆ వింత వేళ ఎక్కడినుంచి వచ్చిందని అడిగేవారికి జవాబు అదే. కూత షిఫ్టు వేళకు ఒక్కసారే మోగితే లాభం లేదు, నిద్రపోయేవాడు లేచి మొహం కడుక్కుని గేటుకు చేరాలి కదా. అందుకే ముందో కూత, వేళకో కూత. ముందు కూతకు పొయ్యి మీద ఎసరు పడాలి, వేళ కూతకు మనిషి గేటు లోపల ఉండాలి. మిల్లుతో ఏ సంబంధం లేని దర్జీ, కిరాణా కొట్టాయన, బడి పిల్లలు కూడా దానితోనే రోజు నడుపుకునేవారు.

గేటు దగ్గర నిలబడే బదిలీ కార్మికుల గురించి జ్ఞాపకాలు రాసేవాళ్లు ఎక్కువమంది మరిచిపోతారు. వీళ్లకు ఖాయం పని ఉండదు. పర్మినెంటు కార్మికుడు ఎవరైనా నాగా పెడితే ఆ షిఫ్టుకు ఆ ఖాళీలో వీళ్లను తీసుకుంటారు. ఎవరు నాగా పెట్టారో షిఫ్టు మొదలయ్యే దాకా తెలియదు కాబట్టి ప్రతి షిఫ్టుకూ సద్ది కట్టుకుని రావాలి. పేరు పిలవకపోతే ఆ సద్ది ఇంటికి తీసుకెళ్లి తినాలి, మళ్లీ తరవాతి కూతకు రావాలి. సద్ది గిన్నె నిండుగా తిరిగి వచ్చిందంటే ఆ ఇంట్లో ఆ రోజు కూలి లేదని వాడకంతా తెలిసేది. ఒకరింటి కూర ఇంకొకరింటికి పోయేదని రాస్తున్నారే, చాలాసార్లు అది పోయింది ఆ గిన్నె వెనకాలే.

మూడు షిఫ్టులకు మంచం మాత్రం ఒకటే. అన్నదమ్ములు ముగ్గురు మూడు షిఫ్టుల్లో ఉంటే నులక మంచం పొద్దస్తమానం ఖాళీ ఉండదు. ఒకరు లేచిన వెచ్చదనంలోనే ఇంకొకరు పడుకోవాలి. అలా ఎడతెగకుండా వాడిన మంచం తొందరగా ఊయలైపోతుంది. కాళ్ల వైపు అల్లిక ఆపి వదిలిన జానెడు సందులో తిరిగే తాడును మళ్లీ బిగించాలి. ఒక మూల నుంచి మొదలుపెట్టి వరసగా ఒక్కో మెలిక లాగుతూ రెండో మూలకు పోయి అక్కడ ముడి వేయాలి. మధ్యలో నుంచి లాగితే బిగువు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అయి చట్రం వంకర తిరుగుతుంది, ఒక కోడు నేలకు ఆనదు. నల్లులు మంచం కోళ్లకూ పట్టెలకూ మధ్య సందుల్లో కాపురం పెడతాయి. మంచం ఎండలో నిలబెట్టి ఆ సందుల్లో సలసల కాగే నీళ్లు పోస్తే చస్తాయి, గుడ్లతో సహా. ఎండ ఒక్కటే సరిపోదు, అవి నీడ వైపుకు జరుగుతాయంతే. అయినా వాడలో నల్లులు పోలేదెందుకంటే గదికీ గదికీ మధ్య గోడ ఒకటే, దాని నిండా పగుళ్లు. ఒక ఇంటివాళ్లు మంచం కడిగితే పక్కింటి నల్లులు వారంలో ఇటు వచ్చేవి. వరసలోని ఇళ్లన్నీ ఒకే రోజు, అంటే వారపు సెలవు రోజు, మంచాలు గల్లీలో వేసి కడిగితేనే ఫలితం. ఫొటోల్లో కనిపించే ‘గల్లీ నిండా మంచాలు’ ప్రతిసారీ చల్లగాలికి వేసినవి కావు.

పగలు ఇంట్లో ఎప్పుడూ ఒకరు నిద్రపోతుంటారు. పిల్లలు గల్లీలోనే పెరగడానికి అంతకు మించిన కారణం అక్కర్లేదు.

నీళ్ల దగ్గరికి వద్దాం. జ్ఞాపకాల్లో నల్లా దగ్గరి కొట్లాట హాస్యంగా వస్తుంది. కొట్లాటకు అసలు కారణం మళ్లీ షిఫ్టే. 1948 చట్టం 66వ సెక్షన్ ఆడవాళ్లను రాత్రి 7 నుంచి పొద్దున 6 దాకా ఫ్యాక్టరీ పనిలో పెట్టనివ్వలేదు. కాబట్టి నూలు చుట్టే వైండింగు, రీలింగు విభాగాల్లో పనిచేసే ఆడవాళ్లంతా పగటి షిఫ్టే. వాళ్లు ఏడింటికి గేటు లోపల ఉండాలంటే ఇంట్లో నీళ్లు, వంట, పిల్లల పని చీకటితోనే తెమలాలి. నల్లా ఎప్పుడు వస్తే అప్పుడే అందరికీ కావాలి. షిఫ్టు వేళ దగ్గరపడిన మనిషికి ముందు వదలాలా, బిందె ముందు పెట్టినవారికి వదలాలా అన్నదే తగువు. దాన్ని తీర్చే పద్ధతి వాడవాడకూ వేరుగా ఉండేది, కొన్ని చోట్ల పద్ధతే ఉండేది కాదు.

నల్లా రాని రోజు బోరింగే దిక్కు. 1970ల తరవాత వచ్చినవి ఎక్కువ ఇండియా మార్క్ 2 రకం చేతిపంపులు. దాని ప్రమాణం నిమిషానికి 40 దెబ్బలకు 15 లీటర్లకు తగ్గకుండా నీళ్లు రావాలి. అంటే మామూలు బిందెకు 40 దెబ్బలు, కాస్త అటూ ఇటూ. వాడలో పంపు బాగోగులు తెలుసుకునే తూకం అదే. అదే బిందెకు 60 దెబ్బలు పడుతున్నాయంటే లోపల సిలిండరులో తోలు వాషర్లు అరిగాయి, నీళ్లు పక్కనుంచి జారిపోతున్నాయి. అలా కాక, రాత్రంతా వాడకుండా ఉంచి పొద్దున కొడితే మొదటి పదిహేను దెబ్బలు వట్టివై, ఆ తరవాత ధార మామూలుగా వస్తోందంటే వాషరు మంచిదే, అడుగు వాల్వు కారుతోంది. పైపులో నిలవాల్సిన నీళ్లు రాత్రిపూట కిందికి దిగిపోతున్నాయి. రెండు జబ్బులకూ మందు ఒకచోటే, బోరు లోపల. మార్క్ 2లో తోలు వాషరు మార్చాలన్నా 3 మీటర్ల ముక్కల చొప్పున పైపులన్నీ పైకి లాగాలి. దానికి ప్రత్యేకమైన పట్టకార్లు, నలుగురైదుగురు మనుషులు కావాలి. పది నిమిషాల పని కోసం మున్సిపాలిటీ వాళ్ల రాక వారాల తరబడి ఎందుకు చూడాల్సి వచ్చేదో ఇప్పుడు అర్థమవుతుంది. ఆ తరవాత వచ్చిన మార్క్ 3లో పైపులు కదపకుండా కడ్డీలతో పాటే వాషర్లు పైకి వచ్చే ఏర్పాటు చేశారు.

పొయ్యిల్లో కట్టెల పొయ్యి గురించి అందరూ రాస్తారు. పొట్టు పొయ్యి గురించి ఎవరూ రాయడం లేదు. ఇరుకు ఇంటికి, వేళగాని వేళ వంటకు అది చాలా తెలివైన వస్తువు. కోత మిల్లు రంపపు పొట్టు దాని మేత. 15 కిలోల నూనె డబ్బా పై మూత తీసేసి, అడుగున ఒక పక్కకు రెండంగుళాల రంధ్రం పెడతారు. ఆ రంధ్రంలోంచి ఒక గుండ్రటి కర్రను డబ్బా నడుమ దాకా అడ్డంగా దూర్చాలి. దాని కొనకు ఆనించి ఒక గాజు సీసానో రోకలి ముక్కనో నిలువుగా పెట్టాలి. చుట్టూ నాలుగు వేళ్ల మందం చొప్పున పొట్టు పోస్తూ, ప్రతి పొరనూ పిడికిలితోనో చెక్కతోనో గట్టిగా దట్టించాలి. నిండాక సీసాను మెల్లగా మెలితిప్పుతూ పైకి తీయాలి, తిన్నగా లాగితే గోడ విరిగి పడుతుంది. చివరికి అడ్డం కర్ర. ఇప్పుడు పొట్టు మధ్య ఎల్ ఆకారంలో గొట్టం తయారవుతుంది. గాలి కింద నుంచి, మంట పైన నుంచి. కింది రంధ్రంలో రెండు పుల్లలు, కిరసనాయిలు తడిపిన పేలిక పెట్టి అంటిస్తే గొట్టం లోపలి గోడ మెల్లగా నిప్పందుకుని మంట సమంగా గంటల కొద్దీ నిలుస్తుంది. ఊదక్కర్లేదు, కట్టె ఎగదోయక్కర్లేదు. షిఫ్టు దిగే మనిషి కోసం గిన్నె పైన పెట్టి, తలుపు తీసి ఉంచి పడుకునేవారు.

చెడేది మూడు విధాల. పొట్టు తడిగా ఉంటే మంట రాదు, పొగ ఒక్కటే. వానాకాలం గోనెసంచులను గోడకు ఆనించి పెట్టినవారికి ఇది తప్పదు. వదులుగా దట్టిస్తే సగం కాలాక గోడ కూలి గొట్టం మూసుకుపోతుంది. ఇక కూలినదాన్ని పుల్లతో కెలికితే బాగుపడదు, మొత్తం దించి మళ్లీ నింపాల్సిందే. మూడోది, పొయ్యి వెలుగుతుండగా డబ్బాను కదపడం. అప్పుడూ గోడ కూలుతుంది. వీటికి తోడు ప్రమాదం ఒకటి ఉంది: పొట్టు అడుగంటే దాకా ఎర్రగా ఉండి పైకి ఏమీ కనబడదు. ఆరిపోయిందనుకుని తలుపు మూసి పడుకున్న ఇళ్లలో మనుషులకు బొగ్గు గాలి, అంటే కార్బన్ మోనాక్సైడ్, కమ్మేది. తలుపు తీసి ఉండడానికి ఇదీ ఒక కారణం.

పాత చీరలతో, మిల్లు దుకాణంలో తూకానికి అమ్మే తునక గుడ్డలతో కుట్టే బొంతల గురించి ఎంతైనా రాయవచ్చు. ఒక్క మాట చెప్పి ఊరుకుంటాం. పొరలను ముందు జానెడు దూరాన పెద్ద పెద్ద కుట్లతో పట్టి, ఆ తరవాతే రెండు వేళ్ల ఎడంతో వరస కుట్టు వేయాలి. ఆ ముందరి కుట్లు మానేస్తే ఉతికిన మొదటిసారికే లోపలి గుడ్డ ఒక మూలకు చేరుతుంది.

మిల్లు లోపలి సంగతి చెప్పకుండా వాడ పూర్తికాదు, ఎందుకంటే మనుషులు దాన్ని ఒంట్లో పెట్టుకుని ఇంటికి తెచ్చేవారు. మిల్లు కార్మికులు గట్టిగా మాట్లాడతారని, దాపరికం లేని మనుషులని రాస్తున్నారు. లూమ్ షెడ్డులో మోత 90 డెసిబెల్స్ దాటుతుంది. 8 గంటల పనికి చట్టం పెట్టిన హద్దు అది. ఏళ్ల తరబడి ఆ మోతలో సాంచెల, అంటే మరమగ్గాల, మధ్య నిలబడితే ముందు సన్నటి శబ్దాలు వినబడడం మానేస్తాయి. లోపల సైగలతో, పెదాల కదలికతో పని జరిగిపోతుంది, అందువల్ల చెవి పోయిందని మనిషికి తెలిసేది ఇంట్లోనే. గట్టిగా మాట్లాడడం అందుకు.

దూది దుమ్ము ఇంకా ముఖ్యమైనది. బ్లో రూములో, కార్డింగులో అది ఎక్కువ. బేళ్లు విప్పి దూదిని దులిపే చోటు బ్లో రూము, పింజలను దువ్వే చోటు కార్డింగు. అక్కడ పనిచేసేవారికి వారపు సెలవు తరవాత తిరిగి పనిలోకి వెళ్లిన రోజు ఛాతీ బిగబట్టినట్టు అవుతుంది, దగ్గు, ఆయాసం. మర్నాటికి తగ్గుతుంది. దీన్నే సోమవారం జబ్బు అంటారు. వైద్యుల మాటలో బిసినోసిస్. సెలవు మంగళవారమైతే జబ్బు బుధవారం వస్తుంది, అందువల్లే దీన్ని మిల్లు దుమ్ముతో ముడిపెట్టడం ఎవరికైనా సాధ్యమే. ఏళ్లు గడిస్తే ఒకరోజుది రెండు రోజులవుతుంది, ఆ తరవాత వారమంతా ఉంటుంది, చివరికి మిల్లు మానినా పోదు. కార్మికుల నష్టపరిహార చట్టం మూడో షెడ్యూలులో ఇది వృత్తి వ్యాధిగా ఉండేది. ఉన్నా పరిహారం దాకా వెళ్లినవారు తక్కువ, ఎందుకంటే చీటీ మీద ఆస్తమా అనో, బీడీ దగ్గు అనో, టీబీ అనో రాసేవారు. డ్యూటీ దిగి బెల్లం ముక్క తింటే దుమ్ము దిగిపోతుందని నమ్మకం ఉండేది. బెల్లం వెళ్లేది కడుపులోకి, దుమ్ము ఉన్నది ఊపిరితిత్తుల్లో. గొంతు తడి అవుతుంది, అంతే.

‘మా వాడలో కులం లేదు’ అన్న వాక్యం ఒకటి ప్రతి వ్యాసంలోనూ కనిపిస్తోంది. ఈ వాక్యం రాసేముందు నాడెను, అంటే మగ్గంలో దారాన్ని అటూ ఇటూ మోసే షటిల్‌ను, ఒకసారి గుర్తుచేసుకోవాలి. పాత రకం నాడెలో దారపు కండె అయిపోయి కొత్తది పెట్టినప్పుడు దారం కొసను నాడె కన్నంలోంచి నోటితో పీల్చి బయటికి తీసేవారు. ఒకరు పీల్చిన నాడెనే ఇంకో షిఫ్టులో ఇంకొకరు పీలుస్తారు. ఎంగిలి అన్న పేరుతో బొంబాయి మిల్లుల్లో దళితులను నేత ఖాతాలోకి, అంటే నేత విభాగంలోకి, రానివ్వలేదు. కూలి ఎక్కువ దొరికే ఖాతా అదే. 1928 బొంబాయి మిల్లుల సమ్మె సమయంలో అంబేద్కర్ ఈ విషయాన్ని లేవనెత్తారు. ఆ మిల్లుల్లో మన తెలుగువాళ్లు వేల సంఖ్యలో పనిచేశారు. కాబట్టి మన వాడల గురించి రాసేటప్పుడు ఏ ఖాతాలో ఎవరుండేవారు, ఏ వరస ఇళ్లలో ఎవరుండేవారు, బావి ఎవరిది అని అడిగి రాయాలి. వాడలో కులం తగ్గిందేమో, సైరన్ కూయగానే మాయమైతే కాలేదు.

డబ్బు లెక్కలో వాడ నడిచిన తీరు ఇంకా తక్కువగా రాశారు. 1936 వేతనాల చెల్లింపు చట్టం ప్రకారం వెయ్యి మందికి లోపు పనిచేసే చోట జీతం తరవాతి నెల 7లోగా, వెయ్యి అంతకు మించి ఉంటే 10లోగా ఇవ్వాల్సి ఉండేది. పెద్ద మిల్లు వాడల్లో కిరాణా కొట్టు పుస్తకం 10 దాకా సాగడానికి ఇది కారణం. ఖాతా పుస్తకాలు రెండు, ఒకటి కొట్లో, చిన్నది ఇంట్లో. సరుకు తెచ్చిన ప్రతిసారీ రెండింట్లో రాయించాలి. పిల్లవాణ్ణి పంపినప్పుడు ఇంటి పుస్తకం ఇచ్చి పంపడం మరిస్తే నెలాఖరు లెక్కలో తేడా. ఇంకో తప్పు, సరుకు తూకం రాసి ధర రాయకపోవడం. అప్పు సరుకుకు ధర తీర్చే రోజున వేస్తే అది రొక్కం ధర కంటే ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది.

జీతానికీ జీతానికీ మధ్య గిరిగిరి అప్పు. చేతికి 900 ఇచ్చి రోజుకు 10 చొప్పున 100 రోజులు వసూలు చేస్తారు. వెయ్యికి వంద వడ్డీ, పది శాతమే కదా అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తీరుతూ వస్తోంది కాబట్టి సగటున మన చేతిలో ఉన్నది 450. దాని మీద వంద రోజుల్లో వంద అంటే ఏడాదికి 80 శాతం దరిదాపు.

దానికి విరుగుడు చిట్టీ. 20 మంది, నెలకు వంద, 20 నెలలు; చిట్టీ 2,000. అవసరమున్నవారు పాటలో 400 తగ్గించుకుంటే 1,600 ఎత్తుకుంటారు. ఆ 400లో నడిపే మనిషికి మొత్తం చిట్టీ మీద నూటికి ఐదు చొప్పున 100 పోగా 300 మిగులు, 20 మందికి తలా 15. అంటే ఆ నెల ప్రతి ఒక్కరూ కట్టేది 85. ఇరవై ఎనభై ఐదులు 1,700, అందులో పాడినవారికి 1,600, నడిపినవారికి 100, లెక్క సరి. వాడలో చిట్టీలు ఎక్కువగా రిజిస్టరు కానివే, నమ్మకం మీద నడిచినవే. నడిపేది చాలాచోట్ల ఇంటిపట్టున ఉండే పెద్దావిడ, ఎందుకంటే ఎవరి ఇంట్లో ఎవరికి ఎప్పుడు పని పోయిందో ఆమెకే ముందు తెలుస్తుంది. చిట్టీ చెడేది ముందు ఎత్తుకున్నవారు ఆ తరవాత కట్టడం మానేసినప్పుడు. అందుకే జమానతు, అంటే పూచీ, అడుగుతారు. ఇక్కడే ఉంది తిరకాసు. పాడినవాడూ మిల్లే, జమానతు ఉన్నవాడూ మిల్లే, కట్టే మిగతా పద్దెనిమిది మందీ మిల్లే. ఒకరికి జబ్బు చేస్తే మిగతావాళ్లు మోస్తారు. లాకౌటు వస్తే అందరి జీతం ఒకే రోజు ఆగుతుంది, మోయడానికి ఎవరూ మిగలరు.

యూనియన్ గేటు మీటింగ్ కూడా షిఫ్టుల లెక్కలోనే పుట్టింది. మూడున్నరకు పెడితే దిగే షిఫ్టూ ఎక్కే షిఫ్టూ రెండూ దొరుకుతాయి. కానీ ఎక్కేవాళ్లు కూత లోపు లోపలికి పోవాలి, దిగినవాళ్లు ఆకలి మీద ఉంటారు. కాబట్టి పదిహేను నిమిషాలకు మించిన ఉపన్యాసం ఎంత గొప్పదైనా గేటు దగ్గర పనికిరాదు. సాయంత్రం పార్కు సభకు వేరే నాయకుడు, గేటుకు వేరే నాయకుడు ఉండేది అందుకే.

మిల్లు మూతపడినప్పుడు ఏం పోయిందో చెప్పడానికి పై డబ్బు లెక్క చాలు. జీతం ఒక్కటే పోలేదు. జీతం మీద కిరాణా ఖాతా, ఖాతా మీద కొట్టు, జీతం మీదే చిట్టీ, చిట్టీ మీద పెళ్లి, బదిలీ మనిషి ఆశ, చాయ్ బండి, అద్దె సైకిలు షాపు, అన్నీ ఒక్క కూతకు వేలాడినవి. స్వచ్ఛంద పదవీ విరమణ కింద ఒక్కసారిగా చేతికొచ్చిన సొమ్ములో ముందు తీరింది ఈ బాకీలే. ఆ తరవాత మనుషులు ఆటోలకు, వాచ్‌మన్ పనులకు, భివండి, సూరత్ సాంచెలకు చెదిరారు. ఎవరి పని వేళ వారిది అయ్యాక తలుపులు మూతపడ్డాయి. మనసులు ఇరుకైపోయాయని దానికి అర్థం చెప్పడం అన్యాయం.

మీ పత్రిక ఇకముందు కూడా ఇలాంటి జ్ఞాపకాలు వేస్తుందనే ఆశతో రాసేవారికీ, రాయించేవారికీ కొన్ని మాటలు. పెద్దవాళ్లను ‘అప్పట్లో జీవితం ఎలా ఉండేది’ అని అడగకండి, ‘బాగుండేది’ అన్న జవాబు వస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. ఏ ఖాతా, ఏ షిఫ్టు, ఎన్నో నంబరు నూలు అని అడగండి. నూలు నంబరు అంటే ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తాయన్న లెక్క, 40వ నంబరు అంటే పౌనుకు 33,600 గజాలు. ఆ నంబరు చెప్పగానే తెగిన పోగు అతికే వేళ్ల కదలిక దానంతటదే గుర్తొస్తుంది, మాట అక్కడినుంచి సాగుతుంది. చెవి తగ్గినవారితో కిటికీ వెలుగు మన మొహం మీద పడేలా ఎదురుగా కూర్చుని మాట్లాడాలి, వాళ్లు పెదాలు చదవగలరు. ఇద్దరిని కలిపి కూర్చోబెడితే ఒకరి తేదీని ఒకరు దిద్దుతారు, కాకపోతే గట్టిగా మాట్లాడేవారిదే చెల్లుతుంది, కాబట్టి విడిగా కూడా ఒకసారి వినాలి.

కాగితాలు జ్ఞాపకం కంటే గట్టివి. హాజరు కార్డు, జీతం చీటీ, ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ చీటీ, సొసైటీ పాసుపుస్తకం ఇంట్లో ఎక్కడో ట్రంకు పెట్టె అడుగున ఉంటాయి. వాటికి లామినేషన్ చేయించకండి. ఆ వేడికి పాత సిరా పాకుతుంది, ప్లాస్టిక్ మళ్లీ ఊడదు. చిరిగినచోట టేపు అంటించవద్దు, కొన్నేళ్లకు జిగురు పసుపుపచ్చగా మారి అక్షరాలను తినేస్తుంది. మడతలు విప్పి, శుభ్రమైన కాగితాల మధ్య బరువు కింద రెండు రోజులు ఉంచి, నీడపట్టున కిటికీ దగ్గర ఫ్లాష్ లేకుండా, ఫోను కాగితానికి సమాంతరంగా పట్టి ఫొటో తీయండి. పక్కన ఒక స్కేలు పెడితే కొలత తెలుస్తుంది. ఎవరిదో, ఏ ఖాతానో రాయాలనుకుంటే వేరే చీటీ మీద రాసి జతచేయండి, తప్పనిసరైతే మెత్తటి పెన్సిలు. ప్లాస్టిక్ కవర్లలో చెమ్మ పడుతుంది, కాగితపు కవరు మేలు. రెండో వైపు కూడా తప్పకుండా ఫొటో తీయండి. జీతం చీటీ ముందువైపు ఉండేది మిల్లు లెక్క. వెనకవైపు పెన్సిలు అంకెలుంటే అవి ఇంటి ఆడవాళ్లవి, బియ్యం, కిరసనాయిలు, చిట్టీ, బాకీ అన్న వరసలో.

ఇట్లు,
మిల్లు వాడల పాత కాపులు,
వరంగల్